జిమ్ మానేశాక కూడా ఈఎంఐ కట్టాల్సిందేనా?

కేపీహెచ్‌బీ_కిరాయిదారు: జనవరిలో ఇంటి దగ్గర జిమ్‌లో ఏడాది మెంబర్‌షిప్ తీసుకున్నా, 24,000. అంత లేదంటే కౌంటర్ దగ్గరే నా ఫోన్ తీసుకుని నెలకు 2,000 ఈఎంఐ పెట్టించారు. ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. డాక్టర్ మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. జిమ్‌లో రిపోర్ట్ చూపిస్తే రసీదు వెనక్కి తిప్పి ‘నాన్ క్యాన్సిలబుల్’ అన్న లైను మీద వేలు పెట్టారు. నాలుగు కట్టి ఆపేశా. ఇప్పుడు రికవరీ వాళ్ల ఫోన్లు. నిన్న కరీంనగర్‌లో మా నాయినకు కూడా చేశారు. మిగతా 16,000 కట్టాలా?

ఉప్పల్_ఇనుము: సంతకం పెట్టావా, లేదా? పెడితే కట్టాలి.

నల్లకుంట78: సంతకంతోనే అయిపోదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అని నిర్వచనమే ఉంది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేసినా, అడ్డగోలు షరతు పెట్టినా అందులోకి వస్తుంది. ఆ కారణం మీద ఒప్పందాన్నే ప్రశ్నించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. సేవాలోపమైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల దాకా ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఉప్పల్_ఇనుము: చట్టం తర్వాత. సంతకం ఉందా అని అడిగిన.

కేపీహెచ్‌బీ_కిరాయిదారు: లేదన్నా. ఓటీపీ చెప్పానంతే.

ఉప్పల్_ఇనుము: ఓటీపీ చెప్పినా సంతకం పెట్టినట్టే.

నల్లకుంట78: ఆ ఓటీపీ లోన్‌కు ఇచ్చాడు. రసీదు వెనక షరతులకు ఇవ్వలేదు.

ఉప్పల్_ఇనుము: చదవకుండా ఓటీపీ ఇచ్చి ఇప్పుడు చట్టం అంటే ఎట్లా?

మియాపూర్_మెట్రో: ఈ ఓటీపీ గొడవ ఆపండి. లోన్ కిస్తీ ఆపితే సిబిల్ స్కోరు పోతుంది, రేపు ఎవరూ అప్పివ్వరు. మా తమ్ముడు ఇట్లాగే మొండికేసి ఇంటి లోన్ దగ్గర ఇరుక్కున్నాడు.

నల్లకుంట78: అది నిజం. తమ్ముడూ, లోన్ వేరు, జిమ్ వేరు. ఫైనాన్స్ కంపెనీకి అభ్యంతరం రాసిచ్చి కిస్తీ కడుతూ ఉండు, వాడని నెలల డబ్బు జిమ్‌ను అడుగు. మీ నాన్నగారికి చేసిన ఫోన్ మాత్రం వదలకు. ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని, ఇంట్లోవాళ్ల జోలికి పోకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది. కంపెనీకి ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లు.

ఉప్పల్_ఇనుము: అందరూ జిమ్‌నే దొంగను చేస్తున్నరు. నాకూ చిన్న జిమ్ ఉంది. జనవరిలో చేరినోళ్లల్ల మార్చి నాటికి సగం మంది రారు. ట్రెడ్‌మిల్ కిస్తీ, షెడ్డు కిరాయి, ఏసీ బిల్లు ఆగుతయా? ఏడాది డబ్బు ముందే తీసుకోకుంటే షట్టర్ దించాలె.

నల్లకుంట78: మీ కష్టం నేను కాదనడం లేదు. కానీ మా అమ్మాయి కోచింగ్ మాన్పించినప్పుడు రికవరీ వాళ్లు ఇద్దరు వచ్చి గేటు ముందు నిలబడి మా ఆవిడ పేరు పెట్టి అరిచారు. పక్కింటివాళ్లు బాల్కనీలోకి వచ్చి చూశారు. నెల రోజులు ఆవిడ కూరగాయలకు కూడా బయటికి రాలేదు. మీకు ఫైనాన్స్ కంపెనీ మొదటి రోజే డబ్బు ఇచ్చేసింది కదా! ఇక ఈ పిల్లాడి మోకాలి నష్టం పూర్తిగా వీడే ఎందుకు మోయాలి?

ఉప్పల్_ఇనుము: ఇచ్చింది, కమీషన్ కోసుకుని. అది ఆ నెలే కిరాయికి పోయింది. రేపు పది మంది రిపోర్టులు పట్టుకొస్తే యాడికెంచి తెచ్చియ్యాలె?

నల్లకుంట78: అట్లా అయితే రాని మనిషి డబ్బు మీదే మీ జిమ్ నడుస్తోందన్నమాట. నా అభ్యంతరం అక్కడే.

ఉప్పల్_ఇనుము: అవును, నడుస్తుంది. నీతోని అబద్ధం చెప్పను. కానీ దెబ్బ తగిలినోనికి నేను ఆర్నెల్లు ఆపి, తర్వాత కలిపి ఇస్త. డబ్బు వాపసు మాత్రం ఇయ్యలేను. తండ్రికి ఫోన్ చేసుడు తప్పే. తమ్ముడూ, దాని మీద ఫిర్యాదు పెట్టు.

కేపీహెచ్‌బీ_కిరాయిదారు: ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టా. కాల్ రికార్డు, నాయిన ఫోన్‌లో 7:52 అని ఉన్న స్క్రీన్‌షాట్ జతచేశా. జిమ్‌కు రేపు కాగితం రాసిస్తా. నాయినకు ఏం చెప్పాలో తెలుస్తలేదు. పొద్దున ఫోన్ చేసి, ‘ఎంత కావాలె బిడ్డా, వడ్ల పైసలు ఉన్నయి’ అన్నడు.