పెద్ద కంపెనీలో ఐటీ అప్రెంటిస్‌షిప్ వచ్చింది, చేరాలా లేక అమీర్‌పేట కోర్సే బెటరా?

హన్మకొండ_ఈసీఈ:
అందరికీ నమస్తే. 2025 పాస్ఔట్, క్యాంపస్‌ల ఏం రాలె. ఇప్పుడు గచ్చిబౌలిల ఒక పెద్ద కంపెనీ నుంచి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ అని మెయిల్ వచ్చింది. ఏడాది, నెలకు 15 వేల స్టైపెండ్, పని ఐటీ ఇన్‌ఫ్రా సపోర్ట్ (కంపెనీ కంప్యూటర్లు, సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునుడు) అని రాసిన్రు, అయిపోయినంక జాబ్ ఇస్తమని గానీ ఇయ్యమని గానీ ఎక్కడా లేదు. మా నాన్నేమో "ఏడాది వాళ్లకాడ చాకిరీ చేసుడేంది, మీ బావ లెక్క కోర్సు నేర్చుకో" అంటుండు, మా బావ ఎప్పుడో అమీర్‌పేటల జావా నేర్చుకొని జాబ్ కొట్టిండు కాబట్టి ఇంట్ల అందరికీ అదొక్కటే దారి. నిజంగ పని నేర్పిస్తరా లేక ఊకె కూసోబెడుతరా? పీఎఫ్ కూడా ఉండదంట కదా, అదేం లెక్క? ఆ పైసలతోని గచ్చిబౌలిల బతకొచ్చా? చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పున్రి.

పాస్‌వర్డ్_రీసెట్_అక్క:
తమ్ముడూ నేను ఇదే చేశా, మాది ఖమ్మం. కంపెనీ పేరు అడగకు. మొదట్లో సర్వీస్ డెస్క్‌లో వేశారు, అంటే పొద్దస్తమానం పాస్‌వర్డ్ రీసెట్, అకౌంట్ అన్‌లాక్, వీపీఎన్ రావట్లేదు, ప్రింటర్ పనిచేయట్లేదు. సోమవారం పొద్దున క్యూ చూడాలి నువ్వు, శని ఆదివారాల్లో పాస్‌వర్డ్ మర్చిపోయిన జనమంతా ఒక్కసారే మీద పడతారు. ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అని ఏడుపొచ్చేది. కానీ నేర్చుకున్నది కూడా అక్కడే. ఒక సార్‌కి అన్‌లాక్ చేసిన కాసేపటికే అకౌంట్ మళ్లీ లాక్ అయ్యేది, పాస్‌వర్డ్ మార్చి ఇచ్చినా అంతే, ఆయన ప్రతిసారీ మా మీద అరవడం. మా సీనియర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డొమైన్ కంట్రోలర్‌లో, అంటే కంపెనీ లాగిన్‌లన్నీ చెక్ చేసే సర్వర్‌లో, సెక్యూరిటీ లాగ్ ఓపెన్ చేసి 4740 అనే ఈవెంట్ చూపించాడు, అకౌంట్ లాక్ అయినప్పుడల్లా అది పడుతుంది, ఏ మిషన్ నుంచి తప్పు పాస్‌వర్డ్ వచ్చిందో కూడా అందులో ఉంటుంది. చూస్తే ఆయన ల్యాప్‌టాప్ పేరు లేదు, మెయిల్ సర్వర్ పేరు ఉంది. అంటే ఎక్కడో మెయిల్ యాప్‌లో పాత పాస్‌వర్డ్ ఉండిపోయి అదే పదేపదే కొడుతోంది. సార్ పాత ఫోన్ ఇంట్లో పిల్లల చేతిలో ఉందట! అందులో మెయిల్ అకౌంట్ తీసేయించాం, మళ్లీ ఆ టికెట్ రాలేదు. తర్వాత నా జాబ్ ఇంటర్వ్యూలో "ట్రబుల్‌షూటింగ్ ఒకటి చెప్పండి" అంటే ఇదే చెప్పా, ప్యానెల్‌లో పెద్దాయన నవ్వాడు. ఇలాంటిది కోర్సులో ఎవరూ చెప్పరు.

చెడ్డది కూడా చెప్తా. యాక్సెస్ ఇవ్వడానికి ఏడిపించారు, అప్రెంటిస్‌లకి అడ్మిన్ రైట్స్ ఉండవని పాలసీ అట, చాలా కాలం పక్కవాళ్ల స్క్రీన్ చూస్తూ నోట్స్ రాసుకోవడమే. అదే టీమ్‌లో మనిషి తక్కువైతే మాత్రం షిఫ్ట్ రోస్టర్‌లో ఠక్కున నా పేరు!

హెచ్ఆర్_ఆపరేషన్స్:
పీఎఫ్ సంగతి నేను చెప్తా. అప్రెంటిసెస్ యాక్ట్ 1961 కింద చేరితే నువ్వు ట్రైనీవి, వర్కర్‌వి కాదు, అందుకే పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టరు, అది మోసం ఏం కాదు. 30 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థ తన స్టాఫ్‌లో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాల్సిందే, కంపెనీలు పిలిచి మరీ తీసుకునేది కొంత అందుకు కూడా, మన మీద ప్రేమతో అనుకోకు. 2019 రూల్స్ వచ్చినప్పుడు నెలకు డిగ్రీ వాళ్లకి కనీసం 9 వేలు, డిప్లొమాకి 8 వేలు అని పెట్టారు. నాట్స్ (డిగ్రీ, డిప్లొమా వాళ్ల కోసం కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ స్కీమ్) కింద అయితే ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. నీకు 15 ఇస్తున్నారంటే పైది కంపెనీ వేసుకుంటోందన్నమాట.

జాబ్ ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఎవరి పాలసీ వాళ్లది. కానీ ట్రైనింగ్ అయ్యాక మా దగ్గరే పనిచేయాలి అని కాంట్రాక్ట్‌లో రాసి ఉంటే మాత్రం వాళ్లు కూడా తగిన ఉద్యోగం చూపించాలి, సెక్షన్ 22 చూడు. అందుకే ఆఫర్ మెయిల్ కాదు, కాంట్రాక్ట్ చదువు. అది నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అవుతుందా లేదా అడుగు, మన తెలుగు రాష్ట్రాలవి చెన్నైలోని సదరన్ రీజియన్ బోర్డు చూసుకుంటుంది, సర్టిఫికెట్ వచ్చేది అక్కడి నుంచే. పేరుకి అప్రెంటిస్ అని పెట్టి ఎక్కడా రిజిస్టర్ చేయని వాళ్లు కూడా ఉన్నారు, అప్పుడు చేతికొచ్చేది లెటర్‌హెడ్ మీద ఒక కాగితం అంతే. ఇంకోటి, పైన అక్క చెప్పిన రోస్టర్ గోల లాంటిది నీకూ వస్తే, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం కింద ఉండే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని సెక్షన్ 15లోనే ఉంది, గుర్తుపెట్టుకో.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు, చూపించి తెచ్చుకో.

మధ్యల_వచ్చేసినోడు:
అందరూ మంచిగ చెప్తున్నరు గానీ నా కథ వేరే. నన్ను అసెట్ టీమ్‌ల ఏసిన్రు బ్రో. స్టోర్ రూమ్‌ల ల్యాప్‌టాప్‌ల వెనుక బార్‌కోడ్ స్టిక్కర్ అంటించుడు, సీరియల్ నంబర్ ఎక్సెల్‌ల ఎక్కించుడు, గంతే. టీమ్ మార్చమని మేనేజర్‌ను అడిగితే వచ్చే క్వార్టర్ అన్నడు, ఆ క్వార్టర్ రానే రాలె. మానేసి అమీర్‌పేట మైత్రీవనం కాడ డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ రిలీజ్‌లు, సర్వర్ల పని ఆటోమేట్ చేసుడు) కోర్సుల చేరిన. కోర్సు మంచిగనే ఉండె కానీ వాళ్లు నేర్పిన ప్రాజెక్టే అందరి రెజ్యూమెల ఉంటది, ఇంటర్వ్యూల రెండో ప్రశ్నకే దొరికిపోతరు. అయినా సరే, స్టిక్కర్లు అంటించుడు కంటే నయం. చేరే ముందల ఏ టీమో రాతల అడుగు, "బిజినెస్ నీడ్‌ని బట్టి" అన్నరంటే డౌటే.

పాస్‌వర్డ్_రీసెట్_అక్క:
@మధ్యల_వచ్చేసినోడు ఇది నిజం, మా బ్యాచ్‌లో కూడా అసెట్‌లో పడ్డవాళ్లు పాపం ఏం నేర్చుకోలేదు. అదే కంపెనీ, అదే స్టైపెండ్, లినక్స్ టీమ్‌లో పడ్డ అమ్మాయి మాత్రం సర్వర్ ప్యాచింగ్ (సర్వర్లకి అప్‌డేట్‌లు వేసే) నైట్‌లన్నిట్లో కూర్చుని ఇప్పుడు నాకంటే ముందుంది.

డబ్బుల విషయం, గచ్చిబౌలిలో హాస్టల్ తీసుకోకు తమ్ముడూ, ఎస్‌ఆర్ నగర్ వైపు చూడు, అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గంలో దిగితే అక్కడి నుంచి షేర్ ఆటో. నాకైతే ఆడవాళ్లకి ఉచిత బస్సు స్కీమ్ మహాలక్ష్మి వచ్చాక సిటీ బస్సులో జీరో టికెట్, నీకు ఆ ఛాన్స్ లేదు కాబట్టి చార్జీలు కూడా లెక్కలో వేసుకో.

హన్మకొండ_ఈసీఈ:
థాంక్యూ అక్కా, అన్నా, అందరికీ. హెచ్ఆర్‌కు ఫోన్ చేసిన. నాట్స్‌ల రిజిస్టర్ చేస్తరంట, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడిగిన్రు. టీమ్ అడిగితే ఫస్ట్ సర్వీస్ డెస్క్, ఆర్నెల్ల తర్వాత సర్వర్ టీమ్‌కు రొటేషన్ అన్నరు, అది మెయిల్‌ల పెట్టమంటే సరే అన్నరు, ఇంకా రాలె. మెయిల్ వస్తే చేరుత. నాన్నకు ఇంకా చెప్పలె. ఎస్‌ఆర్ నగర్‌ల మంచి హాస్టల్ ఎవరికన్నా తెలిస్తే మెసేజ్ చేయున్రి, తిండి మంచిగుంటే చాలు.