‘పారేసుకోవాలనారేసుకున్నావు’: అసలు ఆ లైను ఏంటి?

పాత పాటల పిచ్చి:
పెద్దలందరికీ నమస్కారం. మా ఇంట్లో సంక్రాంతి అంత్యాక్షరి నుంచీ ఒక పేచీ నడుస్తోంది, మీరే తేల్చాలి. అడవి రాముడు, 1977, వేటూరి గారి పాట, మహదేవన్ గారి సంగీతం. పాట తెలియనోళ్ళు ఉండరు కాబట్టి లింకు పెట్టట్లేదు. సుశీలమ్మ పాడే మొదటి లైనుతో ఇబ్బంది లేదు, "ఆరేసుకోబోయి పారేసుకున్నాను". తర్వాత అదే బాణీలో బాలు గారు అందుకుంటారు చూడండి, అక్కడ వచ్చింది తంటా. మా బావగారు పెళ్ళిళ్ళ మైక్ సెట్టు కాలం నాటి మనిషి, ఆయన "ఆరేసుకోవాలని పారేసుకున్నావు" అని పాడతారు, పైగా నేను పుట్టకముందు నుంచీ ఇలాగే పాడుతున్నాను నువ్వెవరు నాకు చెప్పడానికి అంటారు. నాకు హెడ్‌ఫోన్స్‌లో ఎన్నిసార్లు విన్నా "పారేసుకోవాలనారేసుకున్నావు" అనే వినపడుతోంది. మా అన్నయ్య కూతురైతే రెండూ ఒకటే కదా బాబాయ్, చీర పోయింది అంతేగా అంది. రెండూ ఒకటేనా?

రేపల్లె రేడియో:
ఒకటి కానే కాదండీ! ఆ తిరగేయడంలోనే పాటంతా ఉంది. ఆమె ఏమంటోంది, ఆరేసుకుందామని వెళ్ళాను, పోయింది, పాపం నాదేం లేదు అని. అతను దానికి ఏమని ఎదురేస్తున్నాడు, అబ్బా, పోగొట్టుకోవాలనే కదా ఆరేసుకున్నావు అని. దొంగని పట్టేసినట్టు. మీ బావగారు పాడినట్టు పాడితే అతను ఆమె మాటనే అప్పజెప్పినట్టవుతుంది, చిలకలాగా. అప్పుడు తర్వాతి లైన్లో "నీ ఎత్తు తెలిపింది కొండగాలి" అనడానికి అర్థమేముంటుంది, ఎత్తు అంటే పన్నాగం కదా, ఎత్తుకు పై ఎత్తు అంటాం చూడండి, ఆ ఎత్తు.

ఇంకోటి గమనించారా, ఆమె పాటలో కొండగాలి దొంగ, కోక ఎత్తుకెళ్ళింది. అతని పాటలో అదే గాలి సాక్షి. ఆమె గుట్టు చెప్పేసింది. ఎత్తుకెళ్ళడంలో ఎత్తు, పన్నాగంలో ఎత్తు, ఆ వెంటనే అతనికి ఉడుకెత్తడంలో ఎత్తు. ఆమె చలి అంటే అతను ఉడుకు అంటాడు. వివిధ భారతిలో విన్న రోజుల్లో ఇవేం పట్టించుకోలేదు, దరువుకి కాలు ఆడించడమే.

ఓరుగల్లు:
అన్నా, నాకు చిన్నప్పట్నుంచి ఈ పాటల ఇంకో డౌటు ఉండె. మా దిక్కు ఏదన్న జారిపోతే "పోగొట్టుకున్న", "పడగొట్టుకున్న" అంటం. పారేసుడు అంటే చేతిల ఉన్నది కావాల్నని ఇసిరికొట్టుడు. అందుకని ఆమె చీరెను ఆమెనే పారేసిందని అనుకున్న నేను, ఆరేసుకోబోయి ఎందుకు పారేసింది, పిచ్చి గిట్ల లేసిందా అని. మీదిక్కు దోస్తులు హాస్టల్ల తాళంచెవి పారేసుకున్నా అని లొల్లి చేస్తుంటే అప్పుడు సమజైంది.

రేపల్లె రేడియో:
భలే పట్టావు తమ్ముడూ. మావైపు "పారేయడం" వేరు, "పారేసుకోవడం" వేరు. చెత్త పారేస్తాం, పర్సు పారేసుకుంటాం. ఆ "కొను" వచ్చి చేరేసరికి మనం చేసే పని కాస్తా మన నెత్తిన పడ్డ పనైపోయింది. అందుకే అతని లైను అంత చమత్కారం, పారేసుకోవడం అనేది కావాలని చేసేది కాదు, దానికి "వాలని" తగిలించాడు! కావాలని పొరపాటున పోగొట్టుకున్నావు అన్నట్టు. మాటలోనే తిరకాసు పెట్టాడు మహానుభావుడు. మనసు పారేసుకోవడం కూడా ఉంది కదా, వినేవాడికి అదీ తట్టకుండా ఉండదు. నోరు పారేసుకోవడం ఉంది గానీ అది ఈ గ్రూపులో రోజూ చూస్తున్నదే 😄

న్యూజెర్సీ అమ్మలు:
😂😂 మా అత్తగారు ఈ పాట వస్తే టీవీ కట్టేసేవారు, నాటు పాట అని. మీరేమో పీహెచ్‌డీలు చేస్తున్నారు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
నాటు పాటే అమ్మా, కానీ నాటు వేరు మోటు వేరు. 1980లో శంకరాభరణం పాటలు రాసిందీ ఈ చెయ్యే కదా.

సరే, అసలు విషయానికొద్దాం. పాఠం తేల్చడానికి చెవిని నమ్ముకోనక్కర్లేదు, వేళ్ళు చాలు. గురులఘువులు వేసి చూడండి, గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. ఆరేసు, రెండు గురువులు ఒక లఘువు. కోబోయి, అంతే. పారేసు, అంతే. కున్నాను, అంతే, "కు" తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి గురువు. అంటే లైనంతా నాలుగు తగణాలు, ఐదేసి మాత్రల చొప్పున ఇరవై. ఇప్పుడు అతని లైను. పారేసు, కోవాల, నారేసు, కున్నావు. మళ్ళీ సరిగ్గా నాలుగు తగణాలు! బావగారి పాఠంలో చూడండి, ఆరేసు, కోవాలని... అక్కడ ఆరు మాత్రలయ్యాయి, నడక కుంటుతుంది. కవి మొదటి లైనుకి అద్దం పట్టినట్టు రెండో లైను కట్టాడు. కాబట్టి అడిగినాయన విన్నదే కరెక్టు.

అయితే నా అభ్యంతరం వేరే ఉంది. "పారేసుకోవాలని ఆరేసుకున్నావు" అన్నది "లనారేసు" ఎలా అవుతుంది? "అని" అన్నది క్త్వార్థకం, అంటే వచ్చి, చూసి లాగా ఇకారంతో ముగిసే అసమాపక క్రియ. "క్త్వార్థంబైన యిత్తునకు సంధి లేదు" అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్పష్టంగా చెప్పాడు. వచ్చి ఇచ్చాడు అన్నదాన్ని వచ్చిచ్చాడు అని రాస్తామా?

పాత పాటల పిచ్చి:
మాస్టారూ, నాలుగు తగణాలు సంగతి చదివి నేను వేళ్ళు మడిచి మూడుసార్లు లెక్కేశాను, నిజమే!! ఇది బావగారికి ఫార్వర్డ్ చేస్తున్నా.

న్యూజెర్సీ అమ్మలు:
మాస్టారు గారూ ఒక్క మాట. మీరు ఇంట్లో "నిద్రపోవాలని ఉంది" అంటారా "నిద్రపోవాలనుంది" అంటారా? తినాలనుంది, ఏడవాలనుంది, ఇండియా వచ్చేయాలనుంది, అన్నీ అదే సంధి కదా. ఎందుకనడిగితే అంటాం, ఏంటనడిగాడు అంటాం. వచ్చి ఇచ్చితో పోల్చకండి, ఈ "అని" నోట్లో ఎప్పుడో నలిగిపోయి తోకలాగా అయిపోయింది, దాని ఇకారం ఎవరూ నిలబెట్టట్లేదు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అంటామమ్మా, అనమని ఎక్కడన్నాను. వ్యవహారంలో ఉంది. గ్రాంథికంలో రాస్తే మార్కు కోస్తాను, అంతే.

ఓరుగల్లు:
సినిమా పాటకు కూడ మార్కులు కోస్తరా సార్ 🙏

బెజవాడ కుర్రాడు:
ట్యూన్‌లో పట్టక కలిపేసుంటారు లెండి. ట్యూన్ ఇచ్చి రాయమంటే ఎవరైనా చేసేది అదే కదా.

రేపల్లె రేడియో:
మహదేవన్ గారి సంగతి తిరగేసి ఉంటుంది బాబూ, చాలావరకు పాట రాసిచ్చాకే బాణీ కట్టేవారని పేరు ఆయనకి. ఈ పాట ఎలా పుట్టిందో నేను పక్కనుండి చూడలేదనుకో, కానీ మాస్టారు చూపించిన నాలుగు ముక్కల కొలత కాగితం మీదే కనపడుతోంది కదా, బాణీ లేకుండా చదివినా తూగుతోంది. చదివి చూడు, పాడకు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆ "కోబోయి" గురించి. ఆరేసుకోబోయి అంటే ఇంకా ఆరేయలేదు! చెయ్యబోయేలోపే పోయింది. వెళ్ళబోయి ఆగాను, చెప్పబోయి మానేశాను అంటాం చూడండి. అతనేమో "ఆరేసుకున్నావు" అని పని పూర్తయిపోయినట్టు మాట్లాడుతున్నాడు. ఆమె చెప్పిన కథని ఒప్పుకోకుండా అక్కడే ఒక మెట్టు ఎక్కేశాడు. "బోయి" ఉంటే కర్త మారదు, "బోతే" అంటే మారొచ్చు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయ్యింది అంటాం, చేయబోయి కోతి అయ్యింది అంటే చేసినవాడే కోతైపోయినట్టు. ఇక్కడ ఆరేసుకోబోతే పోయింది అని కూడా రాయొచ్చు, అప్పుడు తప్పు చీరది. "ఆరేసుకోబోయి పారేసుకున్నాను" అనేసరికి తప్పు తన మీదే వేసుకుంది, అతనికి దొరికిన సందు అదే.

చరణంలో మళ్ళీ అదే క్రియ వస్తుంది గమనించండి, ఈసారి ఆరేసేది చీర కాదు, తన అందాలు, ఆరేసే చోటు తీగ కాదు, అతని కన్నులు. "కన్నుల" అంటే కన్నుల్లో అని, పద్యాల్లో వాడే పాత సప్తమి. మాస్ పాటలో ఎవరికీ తగలకుండా దూర్చేశాడు.

బెజవాడ కుర్రాడు:
సరే ఒప్పుకున్నా అంకుల్. మరి మొదటి లైను చివర ఆ హరి హరి ఏంటి? హీరో పేరా?

న్యూజెర్సీ అమ్మలు:
కాదులే తమ్ముడూ, హరి హరీ ఇదేం చోద్యం అనేవాళ్ళు మా అమ్మమ్మ వాళ్ళు. శివ శివా అన్నట్టే. ఇంకో వాడుక కూడా ఉంది, "హరీమంది" అంటే అయిపోయింది, పోయింది అని. ఫోన్ నీళ్ళలో పడి హరీమంది. చీర కూడా హరీ.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
చీరలు పోయిన చోట హరి పేరు వినిపిస్తే తెలుగువాడికి భాగవతం గుర్తురాకపోతే ఎలా? దశమ స్కంధంలో గోపికల వస్త్రాలు ఎత్తుకెళ్ళి చెట్టెక్కింది ఎవరు? పోతన గారు ఆ ఘట్టం ఎంత చిలిపిగా రాశారో తెలిసినవాళ్ళకి తెలుసు. ఆమె "హరి" అంటున్నది అయ్యో అనా, దొంగ పేరు బయటపెడుతోందా అన్నది వినేవాడి ఇష్టం.

ఇంకో ముచ్చట. మమ్మల్ని చిన్నప్పుడు అమరకోశం, అదే సంస్కృత నిఘంటువు, వల్లె వేయించేవారు. నానార్థవర్గంలో, అంటే పలు అర్థాలున్న మాటల భాగంలో, హరి శబ్దానికి "యమానిలేంద్రచంద్రార్కవిష్ణుసింహాంశువాజిషు" అని మొదలవుతుంది. యముడు, ఆ వెంటనే అనిలుడు. అనిలుడంటే గాలి! కోక ఎత్తుకెళ్ళింది ఏమిటి? కొండగాలి. హరించేవాడు హరి, గాలీ హరే.

ఓరుగల్లు:
సార్ 🔥🔥🔥

బెజవాడ కుర్రాడు:
ఇది కొంచెం టూ మచ్ మాస్టారూ. అదే శ్లోకంలో కప్ప, కోతి కూడా ఉన్నాయంట, ఇప్పుడే చూశా. చీర కోతి ఎత్తుకెళ్ళిందనొచ్చుగా, అడవి కూడాను 😂

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అనొచ్చు నాయనా, రెండో లైన్లో కవే గాలి అని చెప్పకపోయుంటే. నానార్థాల్లో ఏది తీసుకోవాలో పక్కనున్న మాట చెబుతుంది. ఇక్కడ పక్కనున్నది గాలి, కోతి కాదు.

రేపల్లె రేడియో:
నా మట్టుకు మొదటి అర్థం అయ్యో రామా లాంటిదే, దాని వెనక కృష్ణుడు, గాలి దాకా వెళ్ళడం మాస్టారి లాంటి వాళ్ళకి బోనస్సు. అడవి రాముడు చూసి విజిలేసినవాళ్ళలో అమరకోశం చదివినోళ్ళు ఎంతమంది ఉంటారు? అయినా పాట ఆడింది కదా. వేటూరి గారు సినిమాల్లోకి రాకముందు పత్రికల్లో పనిచేశారు, 1974లో ఓ సీత కథతో వచ్చారు, మూడేళ్ళు తిరక్కుండానే ఇది. పత్రికలో హెడ్డింగు పెట్టినవాడికి తెలుస్తుంది, మొదటి రెండు మాటల్లో జనాన్ని పట్టుకోకపోతే పని జరగదని. ఆరేసుకోబోయి, పారేసుకున్నాను. అంతే, పట్టేశాడు.

అప్పట్లో థియేటర్ బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు గుర్తుందా, పల్చటి న్యూస్‌ప్రింటు కాగితం, మొదటి పేజీలో కథాసంగ్రహం, చివర "మిగతా కథ వెండితెరపై చూడండి". అవి ఉంటే ఇలాంటి పేచీలు అక్కడికక్కడే తేలేవి. మైక్ సెట్టులో గరగర మధ్య విన్నవాళ్ళు వాళ్ళకి తోచింది పాడుకున్నారు, బావగారిని అని లాభం లేదు.

పాత పాటల పిచ్చి:
బావగారి రిప్లై వచ్చింది. "ఆ మాస్టారు ఎవరో గానీ తగణాలు బాగున్నాయి, నేను మాత్రం నా పద్ధతిలోనే పాడతా" అని. వదిలేశాను.

ఇప్పుడు నాకో కొత్త ప్రశ్న. దీన్ని రాసేటప్పుడు ఎలా విడగొట్టాలి? ఒక సైట్లో "పారేసుకోవాల నారేసుకున్నావు" అని మధ్యలో గ్యాప్ ఇచ్చి పెట్టారు, చదివినోళ్ళకి ఏం అర్థమవుతుంది?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
కలిపే రాయండి. పలకడానికి నేను చేసినట్టు నాలుగు ముక్కలు చేసుకోవచ్చు గానీ రాతలో సంధి జరిగిన చోట కత్తి పెట్టకూడదు.

ఓరుగల్లు:
అట్ల ఇడగొడితే నారు వేసుకున్నవ్ అని అయితది గద సార్, అడవిల వరి పెట్టినట్టు 😂

కోనసీమ రైతు:
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను గానీ ఇక ఆగలేను. నారు ఎవరూ వెయ్యరండీ, పోస్తారు. నాట్లు వేస్తారు. పాటలో తప్పు లేదు గానీ మీ జోకులో ఉంది.