పిత్తాశయంలో రాళ్లు: తప్పు మాడిన నూనెదేనా?

నకిరేకల్ చిన్నోడు: అమ్మకు స్కానింగ్‌ల పిత్తాశయంల రాళ్లు కనవడ్డయ్. బజ్జీల బండి నూనెతోని కొవ్వులు ఆక్సీకరణ అయ్యి రాళ్లయితయని ఒకాయన చెప్పిండు. నిజమేనా అన్నా?

మిర్యాల మిల్లు: నిజమే. మళ్లమళ్ల కాచిన నూనెల పెరాక్సైడ్లు, ఆల్డిహైడ్లు అనే చెడు పదార్థాలు పుడతయ్. పైత్యరసంల ఉన్న లెసిథిన్ గూడ కొవ్వే. అది చెడితే పిత్తాశయం సంచి గోడ వాచి జిగురు ఊరుతది, కొలెస్ట్రాల్ పలుకులు అండ్ల చిక్కుతయ్.

ల్యాబ్ కోటు, దేవరకొండ: జిగురు మాట ఒప్పుకుంట. కని ముందుగాల కాలేయం పైత్యంలకు కొలెస్ట్రాల్ ఎక్కువ వదలాలె. పైత్య లవణాలు, లెసిథిన్ కలిసి దాన్ని కరిగించి ఉంచలేనప్పుడే పలుకు వడుతది. కడాయిల ఆక్సీకరణ వేరు, సంచిల ఆక్సీకరణ వేరు.

మర్రిగూడ: మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతోనే గావచ్చు.

ల్యాబ్ కోటు: ఫ్లోరైడ్ దెబ్బ ఎముకలకు, పండ్లకు. దీంట్లకు తేవద్దు.

మిర్యాల మిల్లు: కొవ్వు ఆక్సీకరణ అయితె పుట్టే మాలన్‌డైఆల్డిహైడ్ రాళ్లున్నోళ్ల పిత్తాశయంల ఎక్కువుంటదా లేదా? గదొక్కటి చెప్పు.

ల్యాబ్ కోటు: ఉంటది. రాయి ఒరుసుకొని గోడ వాచినా అది పెరుగుతది. ఏది ముందో దాంతోని తేలదు. నల్లరాళ్లయితే బిలిరుబిన్ (పైత్యంల ఉండే పసుపు రంగు పదార్థం), కాల్షియం కలిసి కట్టేటియి. వాటికి నూనెనేమంటవ్?

మిర్యాల మిల్లు: మాట దాటేస్తున్నవ్.

పాలమూరు కోడలు: మా అత్తమ్మ బజ్జీ ముట్టదు. నాలుగు కాన్పులు, ఎప్పుడూ ఒక్కపొద్దులే. రాళ్లున్నయని తెలిసినంక ఇంట్ల అందరూ ఆమె తిండినే తిట్టిన్రు. గర్భంల ఈస్ట్రోజన్ పెరిగి పైత్యంల కొలెస్ట్రాల్ ఎక్కువైతది, సంచి సరిగ్గ ముడుచుకోదు. కడుపు మాడ్చుకుంటె పైత్యం అండ్లనే నిలుస్తది. గిదెవ్వరూ అడగరేంది?

మిర్యాల మిల్లు: నేనెవర్ని తిట్టిన అక్కా? నా తమ్మునికి నొప్పే లేదు. ఓ ప్రైవేటు దవాఖానల బెదిరిచ్చి సంచే తీసేసిన్రు. అప్పు ఇంకా కడుతున్నం. తిండి గురించి ఒక్క ముక్క చెప్పలే. మీరు నూనెను వెనకేసుకొస్తుంటె కత్తిని వెనకేసుకొచ్చినట్టే ఉంటది నాకు.

ల్యాబ్ కోటు: గిది ముందే చెప్పాల్సింది అన్నా. నొప్పి లేని రాళ్లకు మామూలుగ ఆపరేషన్ అక్కర్లేదు, గా మాటల నేను నీ దిక్కే. కని నూనె మానేస్తె ఉన్న రాయి కరగదు. చిన్నోడా, అమ్మకు తిన్నంక నొప్పి లేస్తుందా?

నకిరేకల్ చిన్నోడు: మొన్న పెండ్లిల తిన్న రాత్రి కుడి డొక్కల లేసి రెక్క దాక గుంజింది. తెల్లారేదాక వాంతులు.

ల్యాబ్ కోటు: అయితె సర్జన్‌కు సూపెట్టు. జ్వరమొచ్చినా, కండ్లు పచ్చవడ్డా ఆ రోజే తోల్కపో.

మిర్యాల మిల్లు: సూపెట్టు. కోసేముందు ఇంకో డాక్టర్‌ను గూడ అడుగు. బండి నూనె మాత్రం ముట్టనియ్యకు.