కొత్త సభ్యులు ఒకసారి వచ్చి మళ్లీ కనిపించడం లేదు. మీ శాఖల్లో ఏం చేస్తున్నారు?

కొత్త కార్యదర్శి:

నాలుగు నెలల క్రితం మా పార్టీ స్థానిక శాఖకు కార్యదర్శినయ్యాను. ఎన్నికయ్యాను అనడం గొప్పే, ఇంకెవరూ ముందుకు రాలేదు. రిజిస్టర్‌లో 64 పేర్లున్నాయి. నెలవారీ సమావేశానికి వచ్చేది పన్నెండు, పదమూడు మంది. అందులో పదిమంది ఎప్పుడూ వచ్చేవాళ్లే. వాళ్ల కుర్చీలు కూడా మారవు.

పోయిన నెల ఇద్దరు కొత్తవాళ్లు వస్తే తెగ సంబరపడ్డాను. అందులో ఒకమ్మాయి నోట్‌బుక్ కూడా తెచ్చుకుని తలుపు పక్కన కూర్చుంది. ఏడింటికి అన్న సమావేశం ఏడూ నలభైకి మొదలైంది. ముందు పాత మినిట్స్, అంటే పోయిన సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టిన నోట్స్, మొత్తం చదివాం. తర్వాత పై కమిటీ సర్క్యులర్. ఆ తర్వాత మా సీనియర్ ఒకాయన ‘రెండు ముక్కలు’ అంటూ లేచి యాభై నిమిషాలు మాట్లాడారు. ఆ అమ్మాయి మధ్యలో ఒక్కటే అడిగింది: “ఈ తీర్మానం ఎవరికి పంపుతాం? వాళ్లు జవాబిస్తారా?” ఎవరూ నోరు విప్పలేదు. నిజానికి నాకూ తెలియదు. “అది తర్వాత చూద్దాం” అని అధ్యక్షులవారు తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

అంతా అయ్యాక చూస్తే ఆ కుర్చీ ఖాళీ. కింద ఒక చింపిన కాగితం పడి ఉంది. మేం అలవాటుగా వాడే కమిటీల పొట్టి పేర్లన్నీ వరసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది.

సమావేశాల్లో ఆటలు, క్విజ్‌లు పెట్టమని కొందరంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. మీ అనుభవం చెప్పండి.

ఇరవై ఏళ్ల కార్యకర్త:

ఆటలు వద్దు తమ్ముడూ. పార్టీలోకి వచ్చినవాడు కాలక్షేపానికి రాలేదు.

మినిట్స్ మూడు రోజుల ముందే గ్రూపులో పెట్టెయ్. సభలో “సవరణలున్నాయా?” అని అడిగితే చాలు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. సర్క్యులర్‌కీ అదే మందు. మిగిలిన సమయం ఒకే ఒక్క విషయానికి ఇవ్వు. అది కూడా మీ శాఖ చేతిలో ఉన్న నిర్ణయమై ఉండాలి. పైవాళ్లు ఎప్పుడో తేల్చేసిన దానికి చేతులెత్తించడాన్ని చర్చ అనకు, కొత్తవాళ్లు మొదటి రోజే పసిగట్టేస్తారు.

ఇక మీ యాభై నిమిషాల పెద్దాయన సంగతి. నియమాలంటే అందరూ విసుక్కుంటారు గానీ ఆయన నుంచి కొత్తవాళ్లను కాపాడేవి అవే. రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ అని సభా నియమాల పుస్తకం ఉంది, 1876లో వచ్చింది. రాసినాయన అమెరికా సైన్యంలో ఇంజనీరు. ఒకసారి ఆయన్ను సభ నడపమంటే ఎలా నడపాలో తెలియక అవస్థపడి, ఆ తర్వాత కూర్చుని ఇవన్నీ నేర్చుకున్నాడు. ఆ నియమాల ప్రకారం ఒకరికి ఒకసారికి పది నిమిషాలే. అదే విషయం మీద ఇంకా మాట్లాడని వాళ్లు చెయ్యెత్తి ఉండగా, ఒకసారి మాట్లాడినవాళ్లకు రెండో అవకాశం లేదు. మేం పదిని మూడు చేసుకున్నాం. మొదటి నెల అలకలు తప్పలేదు.

మానేసిన సభ్యురాలు:

నేను మానేసినవాళ్ల వైపు నుంచి చెప్తాను. రెండేళ్లు సభ్యత్వం ఉండి మానేశాను. నన్నెవరూ అవమానించలేదు. అసలు పట్టించుకుంటే కదా అవమానించడానికి! నాకు లెక్కలు రాయడం వచ్చు, అదే నా ఉద్యోగం. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు. ఎన్నికలప్పుడు మాత్రం కరపత్రాలు పంచడానికి ఫోన్ చేసేవాళ్లు. పంచాను కూడా. ఎన్ని పంచానో, వాటివల్ల ఏమైనా జరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేదు.

నేను రావడం మానేశాక మూడు నెలలకు ఒక మెసేజ్ వచ్చింది, సభ్యత్వ రుసుము బాకీ ఉందని.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కనుక్కుని ముందు ఆమెకు పంపండి. స్వాగత ఉపన్యాసాలు తర్వాత ఇచ్చుకోవచ్చు.

మొహమాటం లేనివాడు:

అందరూ తలుపు దగ్గర నవ్వుతూ నిలబడమంటారు. నన్నడిగితే మితిమీరిన స్వాగతమూ ఇబ్బందే. మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్లను లేపి “మీ గురించి చెప్పండి” అనేవాళ్లు, నాకు చెమటలు పట్టేవి. దానికి బదులు పక్కన కూర్చునేలా ఒక పాత సభ్యుణ్ని పెట్టండి. పొట్టి పేరు వచ్చినప్పుడల్లా చెవిలో విడమర్చి చెప్తే సరిపోతుంది.

ఇంకోటి, ఎన్నింటికి ముగుస్తుందో ముందే చెప్పి, ఆ సమయానికి ఆపేయండి. పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చేవాళ్లకు మొదలయ్యే టైమ్ కంటే ముగిసే టైమే ముఖ్యం.

కొత్త కార్యదర్శి:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సమావేశం అయింది, వచ్చి చెప్తున్నాను.

మూడు నిమిషాల నియమం పెట్టాం. మా సీనియర్‌గారు “నన్ను ఆపడానికేగా ఇదంతా” అని ముఖం మీదే అన్నారు. అబద్ధమెందుకు, కొంతవరకు అంతే. పాత తీర్మానాల ఫైలు తీసి, ఏది ఎక్కడికి పోయిందో చూసిపెట్టమని ఆయన్నే అడిగాను. కాస్త మెత్తబడ్డారు. తొమ్మిదికల్లా ముగించాం. ఎప్పుడూ నోరు తెరవని ముగ్గురు మాట్లాడారు. వచ్చింది మాత్రం పద్నాలుగు మందే.

ఆ అమ్మాయికి ముందురోజే ఫోన్ చేశాను. తీర్మానం జిల్లా కమిటీకి వెళ్తుందని, పోయిన ఏడాది పంపినవాటికి ఒక్క జవాబూ రాలేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వింది. తను మళ్లీ రావడానికి అడ్డు అది కాదట. మంగళవారం సాయంత్రాలు తనకు డ్యూటీ, పోయిన నెల సెలవు పెట్టుకుని వచ్చిందట.

మన సమావేశం మంగళవారమే ఎందుకని అందరినీ అడిగాను. ఎవరికీ తెలియదు. రిజిస్టర్ మొదటి పేజీ దాకా వెనక్కి తిప్పాను, అందులోనూ లేదు.