ఆర్‌వీయే ఇల్లయితే ఓటు ఏ ఊరిది?

చక్రాలకొంప:
ఏడాది పొడుగునా ఆర్‌వీలో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, తిరిగేవాళ్లవి దొంగ అడ్రసులని నిన్న ఇక్కడ ఎవరో తీర్పిచ్చేశారు. టెక్సస్ సంగతి చూడండి. లివింగ్‌స్టన్ ఊళ్లో మెయిల్ సర్వీసు (మన ఉత్తరాలు తీసుకుని పంపే సంస్థ) అడ్రసు తీసుకుని ఆ ఊరున్న పోల్క్ కౌంటీలో (కౌంటీ అంటే జిల్లా లాంటిది) ఓటు రాయించుకోవడం ఏళ్ల తరబడి ఉన్నదే. ఎక్కడికెళ్లినా తిరిగి రావాలనుకునే చోటే నివాసమంటుంది చట్టం. ఎన్ని రాత్రులు పడుకున్నారని అడగదు.

డాలస్‌బాబాయ్:
సగం వాక్యం మింగేశారు. "స్థిరంగా కాపురముండే చోటు" అని దాని ముందే ఉంది. పైగా 2021లో ఇంకోటి చేర్చారు: తాను ఉండని చోట నివాసం పెట్టుకోవడం కుదరదు. మెయిల్‌బాక్సులో ఎవరుంటారండీ?

సీతాఫలం:
ఉత్తరాలు :)

చక్రాలకొంప:
ఆ ఊళ్లోనే ఎస్కేపీస్ అనే ఆర్‌వీవాళ్ల క్లబ్బు పార్కుంది. బండి నిలిపే సైటు తీసుకుని కొన్నాళ్లుండండి. లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఫారాలు అన్నీ ఒకే అడ్రసుకి మార్చండి. పాత రాష్ట్రంలో ఓటు, హోమ్‌స్టెడ్ మినహాయింపు (ఉండే సొంతింటికిచ్చే పన్ను తగ్గింపు) వదులుకోండి. ఆ మినహాయింపు అక్కడే ఉంచేసుకుంటే మీ మాటకి మీరే ఎదురు సాక్ష్యం.

అసలు తిప్పలు బ్యాలట్‌తో. 65 నిండనివాళ్లు "కౌంటీలో ఉండను" అనే కారణంతో పోస్టులో బ్యాలట్ అడిగితే, దాన్ని కౌంటీ బయటి అడ్రసుకే పంపుతారు. లివింగ్‌స్టన్ మెయిల్‌బాక్సు రాస్తే చెల్లదు! ఆ వారాల్లో దిగే క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు అడ్రసు, సైటు నంబరుతో సహా రాయాలి. అప్లికేషన్‌లోనూ బ్యాలట్ పంపే కవరు మీదా లైసెన్సు నంబరు రికార్డుతో సరిపోవాలి, లేదంటే వెనక్కొస్తుంది.

గోదారోడు:
గ్రీన్‌కార్డువాళ్లకో మాట. లైసెన్సు మార్చుకునే కౌంటర్లో ఓటు నమోదు చేయమంటారా అనడిగితే "వద్దు" అనండి. సిటిజనని తప్పు చెప్పినట్టయితే దేశం దాటించేదాకా పోతుంది.

డాలస్‌బాబాయ్:
"కొన్నాళ్లు" అంటే ఎన్నాళ్లు? సౌత్ డకోటాలో లైసెన్సుకి ఒక్క రాత్రి రసీదు చాలు. ఓటుకి మాత్రం 30 రోజులు అక్కడ ఉండాలని 2023లో పెట్టారు. ఊరికే పెట్టారా?

చక్రాలకొంప:
మళ్లీ రాత్రులే! హాస్టల్లో ఉండే కాలేజీ పిల్లల్ని, సైనికుల్ని ఇలాగే లెక్కెడతారా? ఇల్లు లేనివాడికి ఓటు లేదని చెప్పేయండి, గొడవ వదులుతుంది.

డాలస్‌బాబాయ్:
సరే, చెప్తా. నా మంట రాత్రుల మీద కాదు. స్కూలు బాండ్లకి (స్కూళ్ల కోసం తెచ్చే అప్పులకి) మీరు ఓటేస్తారు, ప్రాపర్టీ ట్యాక్స్ రూపంలో ఇరవై ఏళ్లు తీర్చేది అక్కడి ఇళ్లవాళ్లు. ఇన్‌కమ్ ట్యాక్స్ లేదనే కదా టెక్సస్ ఏరుకున్నారు? అధ్యక్షుడికి వేసుకోండి. విదేశంలో స్థిరపడిపోయినవాళ్లకి ఫెడరల్ (కేంద్ర పదవుల) బ్యాలటే ఇస్తున్నారు, మీకూ అంతే ఇవ్వాలి.

చక్రాలకొంప:
ఇదీ, ముందే అనాల్సింది! అద్దెకున్నవాడి పేరునా ట్యాక్స్ బిల్లు రాదు, వాడి ఓటూ తీసేస్తారా? మేం దేశంలోనే ఉన్నాం బాబాయ్. బండి కొన్నప్పుడు టెక్సస్‌కి పన్ను కట్టాం. జ్యూరీ పిలుపూ అక్కడికే వస్తుంది.

సీతాఫలం:
మీరిద్దరూ ఆగితే ఒకటి అడుగుతా. పోస్టు బ్యాలట్ అప్లికేషనుకి గడువు పోలింగ్‌కి 11 రోజుల ముందట. పోస్టు ముద్ర తేదీయా, చేరిన తేదీయా?

చక్రాలకొంప:
చేరిన తేదీ.

డాలస్‌బాబాయ్:
అవును, చేరాల్సిందే. ముద్ర చూడరు.