ఊరు వద్దంటే గ్యాస్ నిల్వ ఆపేయాల్సిందేనా?

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
సొంతూరు అమలాపురం దగ్గర, ఉద్యోగం ఉత్తర ఐర్లాండ్‌లో. మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఐలండ్‌మగీ అని చిన్న ద్వీపకల్పం ఉంది. దాని పక్కనే లార్న్ లాక్ అనే సముద్రపు పాయ. ఆ పాయ అడుగున, కిలోమీటరుకు పైగా లోతులో ఉప్పు పొర ఉంది. అందులోకి సముద్రపు నీళ్లు పంపి ఉప్పు కరిగించి, ఏడు గుహలు చేసి, దాదాపు 50 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ దాచాలని ఒక ప్రాజెక్టు. 2021లో మంత్రిగారు లైసెన్సు ఇచ్చేశారు. స్థానికులు సంఘం పెట్టుకుని కోర్టుకెళ్లారు, 2023లో ఓడిపోయారు, అప్పీలు చేసి 2024 జూన్‌లో గెలిచారు. లైసెన్సు పోయింది.

నాకైతే ఎటూ తేలడం లేదు. యుక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాది చలికాలంలో ఇక్కడి బిల్లులు కట్టినవాణ్ణి, నిల్వ ఎందుకు కావాలో తెలుసు. కానీ అదే మన కోనసీమ కింద అంటే మా అమ్మ ఒప్పుకుంటుందా? పాత గ్యాస్ బావులను నిల్వకు వాడాలన్న మాట మన దేశంలోనూ ఉంది కాబట్టి అడుగుతున్నా.

గోదారిగట్టు:
మీ అమ్మగారు కొత్త ఫ్రిజ్‌కే ఒప్పుకోలేదని మీరే రాశారు కదండీ పోయిన నెల 😀

రిటైర్డ్_డ్రిల్లర్:
ముప్పై రెండేళ్లు రిగ్గుల మీద పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక లేనివాళ్లు వదిలేయండి. భూమి లోపల గ్యాస్ దాస్తాం అనగానే అందరికీ బాంబు గుర్తొస్తుంది. గ్యాస్ మండాలంటే గాలి కావాలి, అంత లోతులో గాలి ఎక్కడిది? కోట్ల ఏళ్లుగా మీ కొబ్బరితోటల కింద ఉన్నది గ్యాసే, అప్పుడు రాని భయం ఇప్పుడెందుకు? విశాఖలో 1997 సెప్టెంబరులో రిఫైనరీ దగ్గర కాలింది భూమి మీదున్న ఎల్పీజీ గోళాలు. దాదాపు అరవై మంది పోయారు. అదే విశాఖలో 2007 నుంచి డాల్ఫిన్స్ నోస్ వెనక కొండరాతి కింద అరవై వేల టన్నుల ఎల్పీజీ ఉంటోంది, సముద్రమట్టానికి దాదాపు రెండు వందల మీటర్ల కింద. దాని పైనుంచి రోజూ తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడమే దాని గొప్పతనం.

ఉక్కునగరం_శీను:
నాకు తెలుసు. మా బావ అక్కడే పోర్టులో చేస్తాడు. కానీ నా ప్రశ్న వేరే. ఆ ఉప్పు కరిగించిన నీళ్లు ఎక్కడ పోస్తారు?

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
సముద్రంలోకే శీనూ.

ఉక్కునగరం_శీను:
సముద్రమే ఉప్పు కదా, మరి గొడవేంటి?

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
ఆ నీళ్లు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉంటాయి. బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, అక్కడ బతికే జీవులకి కష్టం అని వీళ్ల వాదన. డాల్ఫిన్లకు చుట్టాల్లాంటి పోర్పస్‌లు ఉంటాయి ఆ నీళ్లలో.

కొబ్బరాకు:
డ్రిల్లర్ గారూ, "తెలియకపోవడమే గొప్పతనం" అన్న మాట దగ్గర ఆగిపోయానండి నేను. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నడం) అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జనవరిలో అంటుకుంటే 65 రోజులు మండింది. మా పెరట్లో రాత్రిపూట లైటు లేకుండా బియ్యం ఏరింది మా నాయనమ్మ. 2014 జూన్ 27న నగరం అనే మా కోనసీమ ఊళ్లో తెల్లారుజామున గ్యాస్ పైపు లీకై ఇరవై మందికి పైగా నిద్రలోనే కాలిపోయారు. వాళ్లకీ తెలియదు మరి, పైపులో ఏం పోతోందో.

రిటైర్డ్_డ్రిల్లర్:
అమ్మా, పాశర్లపూడి బావి తవ్వేటప్పుడు జరిగిన బ్లోఅవుట్. నగరంలో జరిగింది పైపు తుప్పు, పొడి గ్యాస్ పోవాల్సిన పైపులో తడి గ్యాస్ పంపిన పాపం. రెండింట్లో ఒక్కటి కూడా నిల్వ కాదు. చర్చ నిల్వ గురించి.

కొబ్బరాకు:
కాలేవాడికి అది బావా, పైపా, నిల్వా అన్న తేడా ఉంటుందాండీ?

రిటైర్డ్_డ్రిల్లర్:
ఇంజనీరుకి ఉంటుంది. ఉండాలి కూడా.

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
నిల్వలోనూ జరిగాయి మాస్టారూ. కాలిఫోర్నియాలో ఆలిసో కేనియన్. ఖాళీ అయిన ఆయిల్ క్షేత్రంలో గ్యాస్ నింపారు. 1953లో తవ్విన బావి గొట్టం తుప్పుపట్టి 2015 అక్టోబరులో లీకైతే మూయడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. ఉప్పు గుహలదీ ఉంది, కాన్సస్‌లో హచిన్సన్ అనే ఊరు, 2001. నిల్వ దగ్గర కారిన గ్యాస్ పది కిలోమీటర్లకు పైగా భూమి కిందే ప్రయాణించి, ఊళ్లో ఎప్పుడో వదిలేసిన పాత ఉప్పు బావుల్లోంచి పైకి తన్నింది. ఇద్దరు చనిపోయారు.

రిటైర్డ్_డ్రిల్లర్:
చూశారా, మీరే చెప్పారు. 1953 బావి, వదిలేసిన బావులు. తప్పంతా పాత బావులది, గుహది కాదు.

గోదారిగట్టు:
మన దగ్గర బావులన్నీ నిన్న తవ్వినవేనాండీ?

ఉక్కునగరం_శీను:
ఉప్పునీళ్ల సంగతి పక్కన పెట్టేశారు.

కొబ్బరాకు:
నా సంగతి చెప్తాను, కంపెనీ పేరు వద్దు. మా ఎకరంన్నర తోట మధ్యలోంచి పైపులైన్ పోయింది. 1962 నాటి చట్టమంట, భూమి మాదే, పట్టా మాదే, పైన ఇల్లు కట్టకూడదు, చెట్టు పాతకూడదు. భూమికి ఇచ్చేది మార్కెట్ విలువలో పది శాతం. చెట్లకి వేరే కట్టారు, కానీ లెక్కలో పదకొండు చెట్లు తక్కువ రాశారు. మూడేళ్లు తిరిగాం. పైపు గీత మీద ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు, మా నాన్న దాన్ని "ప్రభుత్వం వారి పాపిట" అనేవారు.

రిటైర్డ్_డ్రిల్లర్:
చెట్ల పరిహారం ముట్టిందని మీరే అంటున్నారు. పదకొండు చెట్ల తేడాకి ప్రాజెక్టులన్నీ తప్పు అనడం ఏం న్యాయం? ఆ పంచనామాలో ఇంటివాళ్ల సంతకం ఉంటుంది. మీ నాన్నగారు సంతకం పెట్టారా లేదా?

కొబ్బరాకు:
పెట్టారు. ఖాళీ కాగితం మీద.

రిటైర్డ్_డ్రిల్లర్:
ఈ ఖాళీ కాగితం కథ ప్రతి ఊళ్లోనూ విన్నాను.

కొబ్బరాకు:
ప్రతి ఊళ్లోనూ విన్నారంటే అది కథ అవుతుందా, నిజమవుతుందాండీ?

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
ఒక్క నిమిషం, ఇక్కడి తీర్పులో ఈ విషయానికి దగ్గరగా ఒకటుంది. అప్పీలు కోర్టు గుహ పేలుతుందనో, పోర్పస్‌లు చస్తాయనో లైసెన్సు కొట్టేయలేదు. ఇంత వివాదాస్పదమైన నిర్ణయాన్ని మంత్రి ఒక్కడే తీసుకోకుండా మొత్తం మంత్రిమండలి ముందు పెట్టాల్సింది, పెట్టలేదు, అది ఒక తప్పు. రెండోది, కంపెనీ స్థానిక సంఘాలకి పది లక్షల పౌండ్ల దాకా నిధి ఇస్తానంది, దాన్ని కూడా అనుమతి లెక్కల్లో వేసుకున్నారు. అలా వేసుకోకూడదంది కోర్టు.

రిటైర్డ్_డ్రిల్లర్:
అంటే టెక్నికల్‌గా ప్రాజెక్టులో లోపం లేదన్నమాట. కాగితాల మీద గెలిచారు.

కొబ్బరాకు:
అయ్యో, నాకు నచ్చిందే అది. డబ్బు తూచి అనుమతి ఇవ్వొద్దని ఒక కోర్టు అందండీ! మా ఊరికి బస్ షెల్టర్ కట్టారు, మీద కంపెనీ పేరు మా ఊరి పేరు కంటే పెద్దగా రాశారు. బస్సు మాత్రం రాదు.

గోదారిగట్టు:
మా ఊళ్లో వాటర్ ట్యాంకు. రంగు మాత్రం ఏటా వేస్తారు.

రిటైర్డ్_డ్రిల్లర్:
ఆ షెల్టర్లు కట్టించమని సర్పంచులు మా చుట్టూ తిరగడం నేను చూశాను, ఆ మాట కూడా రాయండి. నేను సెలవుకి ఇంటికెళ్తే మా సొంత పెద్దనాన్న "ఒరే, భూమి గుల్ల చేసి పొట్ట నింపుకుంటున్నావు" అనేవాడు, అదే చేత్తో సిలిండర్ కనెక్షన్ త్వరగా ఇప్పించమనేవాడు. దేశంలో వాడే ఎల్పీజీలో సగానికి పైగా ఓడల్లో రావాలి. ఓడ ఆగితే పొయ్యి ఆగుతుంది. ఎక్కడో ఒకచోట దాచాలి కదా? ఊరూరూ తిరిగి అడిగితే ఏ ఊరైనా సరే అంటుందా? శ్మశానానికే ఒప్పుకోరు. అందుకే అడగరు.

కొబ్బరాకు:
ఇదిగో, ఇప్పుడొచ్చింది అసలు మాట. ఇంతసేపూ లోతు, గాలి, రాయి, ఉప్పు అని చెప్పారు. నాకు ఆ లెక్కలు అర్థం కాక కాదండీ, పదో తరగతికి ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నాను. పేలుతుందని కాదు నా గొడవ. వద్దంటామని ముందే తెలుసు కాబట్టి అడగరు, అడగలేదు కాబట్టి వద్దంటాం.

రిటైర్డ్_డ్రిల్లర్:
అడిగితే ఏం చెప్తారు మీరు? నిజంగా చెప్పండి.

కొబ్బరాకు:
ఏమో. ఎవరైనా వచ్చి మా అరుగు మీద కూర్చుని, లీకైతే ఎవరు ఫోనెత్తుతారు, ఎన్ని నిమిషాల్లో వస్తారు, పాత బావులెన్ని, వాటిని ఎవరు మూశారు అని కాగితం చూపిస్తే, సరే అంటానేమో. వద్దని కూడా అనొచ్చు. అప్పుడు నా "వద్దు"కి విలువ ఉంటుందా?

రిటైర్డ్_డ్రిల్లర్:
ఒక్క ఊరి మాటకి దేశమంతా ఆగాలా?

కొబ్బరాకు:
ఒక్క ఊరే ఎందుకు కాలాలి?

మోడరేటర్:
ఇద్దరూ పెద్దవాళ్లు. కాస్త మంచినీళ్లు తాగి రండి.

కాకినాడ_కాజా:
మొత్తం చదివాను. ఆ కంపెనీ ఇప్పుడేమైంది?

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
దాని వెనకున్నది హార్లండ్ అండ్ వుల్ఫ్. తీర్పు వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, అప్పులు మోయలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

కాకినాడ_కాజా:
టైటానిక్ కట్టిన కంపెనీయా! ఇంకేం చెప్పాలి 🙏

రిటైర్డ్_డ్రిల్లర్:
టైటానిక్ కట్టిన యార్డును 2019లో వేరేవాళ్లు కొని ఆ పేరు పెట్టుకున్నారు. తెలియకుండా రాయకండి.

లంకబాబు_బెల్‌ఫాస్ట్:
నిన్న అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. అంతా విని, "నీ ఇంట్లో దేంతో వేడి చేసుకుంటావురా" అంది. మాది కిరోసిన్ బాయిలరు, ఇక్కడ ఎక్కువ ఇళ్లు అంతే. పెరట్లో తొమ్మిది వందల లీటర్ల ట్యాంకు ఉంది. పక్కింటాయన్ని అడిగి పెట్టావా అంది. అడగలేదు.

రిటైర్డ్_డ్రిల్లర్:
😀 మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

కొబ్బరాకు:
నావి కూడా. అడిగింది నా తరఫునే.

ఉక్కునగరం_శీను:
అందరూ సెటిల్ అయ్యారు కాబట్టి మళ్లీ అడుగుతున్నా. ఏడు గుహల ఉప్పు కరిగించడానికి ఎన్నేళ్లు పడుతుంది, అన్నేళ్లూ ఆ నీళ్లు ఒకే చోట పోస్తారా? మా నాన్నది బోటు అండి.