సమస్యాపూరణం: మంచు కురియువేళ మంట వణకె

నిర్వాహకుడు, మల్కాజిగిరి: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా. షరతు ఒక్కటే: చలికాలం, పల్లె, పనిలో అమ్మకో నాన్నకో సాయం చేసే పిల్లలు. ఐదు సూర్యగణాలూ (ఒక్కోటి గురువు-లఘువు గానీ, మూడు లఘువులు గానీ), మం–మం యతీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) నేనే కుదిర్చి పెట్టాను, మిగతా మూడు పాదాలు మీవి. మరిచిపోయి ఇంకో ఛందం, తేటగీతి, రాసేస్తే పక్కన పెడతా.

మెహిదీపట్నం కుర్రాడు: సార్, హైదరాబాద్‌లో మంచు కురవడం ఎక్కడ చూశాం?

నిర్వాహకుడు: పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద నిలబడితే బుద్ధుడు కనిపించని రోజుంటుంది చూడు, అదే. రాయి.

కూకట్‌పల్లి బాటసారి:

చెరకు పిప్పి తెచ్చి చిన్నారి యెగదోయ
పెనము కింద నగ్ని పెల్లు రేగె
తూర్పు గాలి వచ్చి తోయగా నంతలో
మంచు కురియువేళ మంట వణకె

జహీరాబాద్ వాడు (ఇప్పుడు పటాన్‌చెరు): ఛందస్సు జోలికి నేను పోను గానీ బాటసారి గారూ, బెల్లం పొయ్యి పెనం కింద గుంటలో ఉంటుంది, గాలి అంత తేలిగ్గా తగలదు. కోహీర్ పక్కన చలి ఎలా ఉంటుందో పేపర్లో చూస్తూనే ఉంటారుగా, పిప్పి ఎగదోసే చోటు కోసం మా అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం, ఊరంతట్లో వెచ్చటి చోటు అదే మరి, ముఖం కాలిపోయేది, వీపు మాత్రం గడ్డకట్టేది.

నిర్వాహకుడు: ‘ఎగదోయ’ బాగా పడింది. కానీ మొదటి పాదం తర్వాత పిల్ల ఏమైపోయింది? గాలిని అడ్డం పెట్టుకుంటే ఎవరైనా పూరిస్తారు.

మెహిదీపట్నం కుర్రాడు: ‘చలికి తట్టుకోలేక చంటివాడు’ అని మొదలుపెట్టాను సార్.

నిర్వాహకుడు: చలికి, తట్టు, కోలే... మూడో గణం దగ్గరే కూలింది. ‘చలికి నోర్వలేక’ అను, నడుస్తుంది. పైగా చంటివాడు ఏం పని చేస్తాడు నాయనా?

వనస్థలిపురం అమ్మమ్మ:

పాలు పితుకు తల్లి పక్కన నిలుచుండి
చిన్నపిల్ల తాను చిమ్ని పట్టె
చేయి వణకినంత చిరుదీప మందున
మంచు కురియువేళ మంట వణకె

బాటసారి: దీపానిది మంటేమిటండీ, దీపశిఖ కదా?

అమ్మమ్మ: ‘మంట ఎక్కువైంది, గాజు మసిబారుతోంది, వత్తి దించవే’ అని మా అమ్మ రోజూ అనేది బాబూ. శిఖ అనలేదు.

నిర్వాహకుడు: అమ్మా, వణుకు చేతిలోంచి వచ్చింది, అదీ పూరణ అంటే. ‘తాను’ ఒక్కటే ఊరికే కూర్చుంది, దాన్ని ‘చేత’ చేస్తే పని చేస్తుంది.

అమ్మమ్మ: చేశాను.

బోయిన్‌పల్లి రిటైర్డ్ మాస్టారు:

కొలిమి ముందు తండ్రి కూర్చుండి కర్రును
కాచుచుండ, తిత్తి కదుపు కొడుకు
చిన్నిచేతి వణకు చేరెను గాలిలో
మంచు కురియువేళ మంట వణకె

నిర్వాహకుడు: మాస్టారూ, ఒక్క నిమిషం లేచి నిలబడ్డా.

ఉప్పల్ కొలిమి: మాస్టారూ, మాది కమ్మరిల్లే. తిత్తి ‘కదపడం’ మేమెప్పుడూ అనలేదు, ఊదుతాం, లేదా లాగుతాం. మిగతాదంతా నిజం. చేతులు కొంకర్లు పోయి లాగడం ఆలస్యమైతే ముందు బొగ్గు అంచులు నల్లబడతాయి, నాన్న నాగలి కర్రు మీంచి చూపు తిప్పకుండా ‘ఊఁ’ అంటాడు, అంతే, మళ్లీ లాగాలి.

మాస్టారు: ఒప్పుకుంటున్నా, కా–క యతి కోసమే ‘కదుపు’ తెచ్చాను. ‘లాగు’ పెడితే యతి పోతుంది, ఏం చెయ్యను?

అమ్మమ్మ: ప్రాసయతి వేసుకోండి, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు.

కొలిమి ముందు తండ్రి కూర్చుండ, నిప్పులో
కాగ కర్రు, తిత్తి లాగు కొడుకు

మాస్టారు: కాగ–లాగు! అమ్మా, నలభై ఏళ్లు తెలుగు చెప్పాను, నాకు తట్టలేదు.

మెహిదీపట్నం కుర్రాడు: అసలు వీళ్లంతా బడికి పోలేదా?

జహీరాబాద్ వాడు: సంక్రాంతి సెలవులు తమ్ముడూ.

నిర్వాహకుడు: ఉప్పల్ గారూ, మీరూ ఒకటి రాయకూడదూ?

ఉప్పల్ కొలిమి: నాకు గణాలు రావండీ. ఇప్పుడు నాన్న కరెంటు బ్లోయర్ పెట్టించాడు. స్విచ్ వేస్తే చాలు, మంట అస్సలు వణకదు.

నిర్వాహకుడు: అదే రాయండి. గణాలు మాస్టారు చూస్తారు, ఆదివారం రాత్రి దాకా టైముంది.